పదకొండు దాకా మోగిన చక్రం

ఆయన్ని అందరూ గంటాయన అనేవారు. అలాగని ఎక్కడో గంటలు కొట్టే ఉద్యోగం కాదు. లారీలు తయారుచేసే ఫ్యాక్టరీలో, సరుకు దించుకునే షెడ్డులో ఓ మూల నిలబడి, ఇరవై తొమ్మిదేళ్ళపాటు అల్యూమినియం చక్రాలను పరీక్షించాడు. పైనుంచి వేలాడే కొక్కేనికి చక్రాన్ని తగిలించి, కొయ్య సుత్తితో అంచు మీద ఒక్క దెబ్బ వేసి, కళ్ళు మూసుకుని మనసులో అంకెలు లెక్కపెట్టుకునేవాడు. ఒక్కో చక్రం గొంతు ఒక్కోలా ఉన్నా, లోపల పగులు గానీ గాలి బుడగ గానీ లేకపోతే చక్రం సన్నగా, తీయగా మోగుతూ పదకొండు దాకా పోయేది. లోపం ఉంటే నాలుగుకో అయిదుకో డబ్బుమని ఆగిపోయేది. మోగినదాన్ని ఎడమవైపుకి దొర్లించేవాడు. మోగనిదాని మీద ఎర్రరంగుతో అడ్డగీతలు రెండు గీసి కుడివైపుకి తోసేసేవాడు.

ఇదీ ఒక పనేనా, పిల్లలు పళ్ళెం మోగించినట్టు, అని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వరూ మరి! నిండా సరుకేసుకుని కొండ దారి దిగుతున్న లారీ కింద చక్రం పగిలితే ఏమవుతుందో వాళ్ళకేం తెలుసు? గంటాయనకు తెలుసు. అందుకే చక్రం మోగుతున్నప్పుడు ఎవడైనా దగ్గరికొచ్చి అంచు మీద చెయ్యి వేశాడో, ఆ రోజు వాడికి మూడిందన్నమాటే. "చెయ్యి తియ్యి. చెయ్యి తగిలితే చక్రం నోరు మూసుకుంటుంది" అని కసిరేవాడు. పెద్ద సార్ని కూడా ఒకసారి అలాగే కసిరాడు. పెద్ద సారు కిక్కురుమనకుండా చెయ్యి తీసేశారు.

మొదట్లో ఆ షెడ్డు పక్కగదిలో ఎక్స్‌రే యంత్రం ఒకటి ఉండేది. గంటాయనకు అనుమానం వచ్చిన చక్రాన్ని అక్కడికి పంపేవారు. ఆయన చెవి చెప్పిందీ, ఆ ఫొటోలో కనిపించిందీ ఎన్నడూ తేడా రాలేదు. ఆ తర్వాత యంత్రం పాడైంది. గంటాయన ఉండగా దానికి రిపేరెందుకులే అని వదిలేశారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఏడాదికోసారి ఫ్యాక్టరీలో అందరికీ చెవులు పరీక్ష చెయ్యాలని నియమం. డాక్టరు గారి దగ్గరికి వెళితే ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "మీ చెవులకి పరీక్ష పెట్టేంతవాణ్ణా నేను? వెళ్ళండి, వెళ్ళండి" అని సంతకం పెట్టి పంపించేసేవారు. గంటాయన ఆ మాట ఇంటికొచ్చి భార్యకు చెప్పుకుని మురిసిపోయేవాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి, ఆ మురిపెంలో ఆయన తప్పు ఎంతో, చుట్టూ ఉన్నవాళ్ళ తప్పు కూడా అంతే ఉంది.

ఆ చక్రాలు ఏటికి అవతల, బస్సులో గంట ప్రయాణం దూరంలో ఉన్న అల్యూమినియం కర్మాగారం నుంచి వచ్చేవి. అక్కడ ఆయన తమ్ముడు పనిచేసేవాడు. అన్నదమ్ములిద్దరే. ఒకడు లోహాన్ని కరిగిస్తే ఇంకొకడు వింటాడు అని వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ గొప్పగా చెప్పుకునేది. తమ్ముడి పని తొట్ల దగ్గర. పెద్ద పెద్ద ఇనప తొట్లు వరసగా వందల కొద్దీ ఉంటాయి. వాటిలోకి పగలూ రాత్రీ కరెంటు పోతూనే ఉండాలి, లోపల లోహం కాగుతూనే ఉండాలి. నాలుగైదు గంటలు కరెంటు ఆగిందా, లోపలున్నదంతా రాయిలా గడ్డకట్టి కూర్చుంటుంది. మళ్ళీ దాన్ని కరిగించడం అంటూ ఉండదు, గునపాలతో తవ్వి పోసుకోవడమే. "మా తొట్లు పసిపిల్లల్లాంటివి వదినా, ఒక్క పూట పాలు ఆపినా దక్కవు" అని తమ్ముడు అంటూండేవాడు.

ఆ పాలకే కరువొచ్చింది. కరెంటు రేటు ఏటేటా పెరుగుతూ పోయింది. ఇంకోవైపు ఎక్కడెక్కడి నుంచో చవక లోహం ఓడల్లో దిగబడింది. కర్మాగారంలో మూడు వరసల తొట్లుంటే ముందు ఒకటి ఆరిపోయింది, రెండేళ్ళకి ఇంకొకటి. మిగిలిన ఒక్క వరసా లారీల ఫ్యాక్టరీ ఇచ్చే చక్రాల ఆర్డరు మీద బతుకుతోంది. ఫ్యాక్టరీకి కూడా ఆ చక్రాలతోనే గిరాకీ. వాళ్ళ లారీ తేలిక లారీ. ఉక్కు చక్రాల లారీ కంటే ఖాళీ బరువు తక్కువ, తగ్గిన మేరకు సరుకు ఎక్కువ పడుతుంది. ఆ ఒక్క సుగుణం చూసే లారీల ఓనర్లు దాన్ని కొనేవారు. ఇలా ఒకళ్ళ మెడ ఇంకొకళ్ళ చేతిలో ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చక్రాలు మోగడం తగ్గింది.

మొదట వందకు రెండు పోయేవి. తర్వాత అయిదు. ఆ మరుసటి ఏడాది తొమ్మిది. గంటాయనకు ప్రాణం ఉసూరుమనేది. పాపం కష్టాల్లో ఉన్నారు కదా, మంచి లోహంలో పాత తుక్కు కలుపుతున్నట్టున్నారు అనుకున్నాడు. ఆయనేమిటి, అందరూ అదే అనుకున్నారు. చితికిపోయినవాడి మీద ఏ మాట వేసినా అతుక్కుంటుంది కదా. కర్మాగారంవాళ్ళు మాత్రం, మేం ఒక్కొక్కటీ చూసే పంపుతున్నాం మొర్రో అని ఉత్తరాలు రాశారు. వాటిని చదివిన పుణ్యాత్ముడు లేడు. కొనేవాళ్ళ పరీక్షే ఆఖరు మాట అని కాగితం మీద రాసుకున్నారాయె.

అవే రోజుల్లో గంటాయనకు ఇంకో బెంగ కూడా పట్టుకుంది. షెడ్డు దూలాల మీద ఎప్పట్నుంచో పిచ్చుకలు కాపురం ఉండేవి. కనిపిస్తున్నాయి, ఎగురుతున్నాయి, గూళ్ళు కడుతున్నాయి గానీ అరవడం మానేశాయి. "కాలం పాడైపోయిందే, పిచ్చుకలు కూడా మూగవైపోతున్నాయి" అని ఒకరోజు భార్యతో అన్నాడు. ఆవిడ పొయ్యి మీంచి కెటిల్ దించుతూ, "పిచ్చుకల మాట తర్వాత. ఇది ఇంతసేపట్నుంచి ఈల వేసి చస్తుంటే పక్కనే కూర్చుని దించరేం?" అంది. "పొద్దస్తమానం వినే ఉద్యోగం చేసొస్తాను. ఇంట్లోనైనా నా చెవుల్ని కాస్త పడుకోనివ్వవా?" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు నిజంగానే నవ్వుకున్నారు.

చివరికి పెద్ద సారు ఆయన్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు.

"మేస్త్రీ, పైవాళ్ళు తేల్చి చెప్పేశారు. ఈసారి వచ్చే నాలుగు వందల చక్రాల్లో వందకి మూడుకి మించి పోతే ఇక అల్యూమినియం వద్దు, ఉక్కు చక్రాలు వేసుకోండి అంటున్నారు. నెగ్గితే మాత్రం ఏడాది ఆర్డరు ఒకేసారి ఇచ్చేస్తారు. అది చూపించుకుంటే కర్మాగారంవాళ్ళకి బకాయి ఉన్నా కరెంటు కోసెయ్యకుండా ఉంటారట."

"అంటే నా మీద పెట్టారన్నమాట" అన్నాడు గంటాయన.

"మీ మీద కాదు, చక్రాల మీద. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు."

ఆ ఆదివారం పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. ఎప్పుడూ వస్తూనే చెప్పుల చప్పుడుతో, "వదినా, టీ" అంటూ వంటింట్లోకి చొరబడే మనిషి, ఆ రోజు ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. వేడికి కమిలిపోయిన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తూ అన్నాడు.

"ఈసారి సరుకు నేను దగ్గరుండి పోయించానన్నయ్యా. తుక్కు ఒక్క ముక్క కూడా కలవలేదు. మూడు రోజులు ఇంటికి కూడా పోలేదు."

"మంచిదే కదరా."

"కాస్త జాగ్రత్తగా విను."

గంటాయన ముఖం మాడిపోయింది. "జాగ్రత్తగా వినడం ఏంట్రా? ఇన్నాళ్ళూ అజాగ్రత్తగా విన్నానా? ఏం చెయ్యమంటావు, మోగనిదాన్ని మోగిందని రాయమంటావా?"

"నేనలా అన్లేదన్నయ్యా."

"మరేమన్నావు? రేపు ఎవడో డ్రైవరు లోయలో పడితే నువ్వొచ్చి ఏడుస్తావా?"

తమ్ముడు లేచాడు. వదిన టీ తెచ్చేసరికి చెప్పులేసుకుంటున్నాడు. ఆవిడ, "తాగి వెళ్ళు నాన్నా" అంటే రెండు గుక్కలు తాగి గ్లాసు గడప పక్కన పెట్టాడు. వీధి మలుపు తిరిగేదాకా గంటాయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పిలుద్దామనుకున్నాడు. పిలవలేదు. తోడబుట్టినవాడు అడిగాడని మెత్తబడితే ఇరవై తొమ్మిదేళ్ళ నిజాయితీ గంగలో కలిసినట్టే అనుకున్నాడు.

నాలుగు వందల చక్రాలు వినడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ షెడ్డులో ఎవరినీ మాట్లాడనివ్వలేదు, దగ్గరికి రానివ్వలేదు. లారీల ఇంజన్లు ఆపించాడు. మొదటి ఇరవై బాగానే మోగాయి. ఆయన గుండె కుదుటపడింది. ఇరవై ఒకటోది ఏడుకి ఆగిపోయింది. ఇంకోసారి కొట్టాడు. ఏడు. దాని మీద ఎర్రరంగు గీస్తున్నప్పుడు ఆయన చెయ్యి వణికింది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి. రెండోరోజు సాయంత్రానికి కుడివైపు అరవై ఒక్క చక్రాలు పోగుపడ్డాయి.

పెద్ద సారు గుమ్మం దగ్గర్నుంచే ఆ గుట్టను చూసి నీరుగారిపోయారు. "మళ్ళీ ఓసారి చూస్తారా మేస్త్రీ?"

గంటాయనకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ గుట్టలోంచి పది చక్రాలు తీసి మళ్ళీ కొట్టాడు. పదికి పదీ ఆగిపోయాయి. కాగితం తెప్పించుకుని సంతకం పెట్టాడు. ఇంటికెళ్ళి అన్నం దగ్గర కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకుండానే లేచిపోయాడు. "వాడి కడుపు మీద కొట్టానే" అన్నాడు భార్యతో. "మీరు కొట్టలేదు. ఉన్నదే చెప్పారు" అంది ఆవిడ. ఆ మాటనే పట్టుకుని ఆయన చాలా నెలలు బతికాడు.

పదమూడు రోజుల తర్వాత కర్మాగారానికి కరెంటు తీసేశారు. తమ్ముడు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు: "గడ్డకట్టేశాయన్నయ్యా." అంతే. నీ వల్లే అనలేదు. ఆ ఆదివారం సంగతి ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని గంటాయనకు అనిపించింది. పదకొండు వందల మంది వీధిన పడ్డారు. గేటు దగ్గర కాపలాకి నలుగురిని ఉంచితే వాళ్ళలో తమ్ముడొకడు. తొట్లకు పాలు పట్టినవాడు ఇప్పుడు వాటి శవాలకు కాపలా కాశాడు.

ఇక లారీల ఫ్యాక్టరీ బాగుపడిందా అంటే, అదీ లేదు. ఉక్కు చక్రాలు వేశారు. లారీ బరువెక్కింది. ఇంతోటి బరువు లారీ ఎక్కడైనా దొరుకుతుంది, మీ దగ్గరే ఎందుకు కొనాలి అన్నారు ఓనర్లు. అదివరకు ఆ కర్మాగారం నుంచే వచ్చే క్యాబిన్ రేకు కూడా దూరం నుంచి తెప్పించుకోవాల్సి వచ్చి, అది ఎప్పుడొస్తుందో తెలియక సగం కట్టిన లారీలు తలల్లేని మొండేల్లా ఆవరణలో నిలబడిపోయాయి. ముందు శనివారం పని పోయింది. తర్వాత రెండో షిఫ్టు పోయింది. ఉక్కు చక్రాలకు చెవి పరీక్ష లేదు కాబట్టి గంటాయనను కొన్నాళ్ళు బోల్టులు లెక్కపెట్టించి, ఏడాదిన్నర తిరిగేసరికి ఇంటికి పొమ్మన్నారు.

వెళ్ళేముందు ఒంటి పరీక్ష చేయించుకోవాలి. పాత డాక్టరు గారు లేరు. వచ్చిన కొత్తావిడకు గంటాయన ఎవరో, ఆ పేరెందుకొచ్చిందో తెలియదు. ఆవిడ ఆయన్ని చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చింది. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమంది. ఆయన నొక్కాడు. కొన్ని వినిపించాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ఇంకా మొదలుపెట్టలేదామ్మా?" అని అడిగాడు.

ఆవిడ తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. చేతిలో కాగితం. దాని మీద గీత కొంతదూరం తిన్నగా వెళ్ళి, ఉన్నట్టుండి కిందికి పడిపోయి ఉంది.

"అయిపోయిందండీ. మాటలు మీకు బాగానే వినబడతాయి. కాస్త లావుపాటి మోతలు కూడా వినబడతాయి, మరీ సన్నటి శబ్దాలే పోయాయి. ఈలలు, పక్షుల అరుపులు, అలాంటివి."

"ఎప్పట్నుంచి?"

"కచ్చితంగా చెప్పలేను. నాలుగైదేళ్ళై ఉంటుంది, కొంచెం కొంచెంగా. ఏడాదికోసారి చూస్తారు కదా, మీకెవరూ చెప్పలేదా?"

గంటాయన కిటికీ వైపు తిరిగాడు. బయట గోడ మీద నాలుగు పిచ్చుకలు ముక్కులు తెరుస్తూ మూస్తూ గంతులేస్తున్నాయి.

"అవి అరుస్తున్నాయా అమ్మా?"

"అరవడమా? పొద్దుట్నుంచి ఒకటే గోల" అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆవిడ ఆగిపోయింది.

ఆయన ఆ కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.  అరవై ఒకటి. పదమూడు రోజులు. పదకొండు వందల మంది. జాగ్రత్తగా విను అన్నాడు వాడు. ఇంటికెళ్ళి భార్యను ఒకటే అడిగాడు: "నాకు వినబడటం లేదని నీకు తెలుసా?" ఆవిడ గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "కెటిల్ ఒక్కటే అనుకున్నానండీ. గట్టిగా చెబితే చిన్నబుచ్చుకుంటారని..." అంది. ఆవిడను ఏమంటాడు? 

ఓ వారం ఆగి, కొయ్య సుత్తిని సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

కర్మాగారం గేటు దగ్గర తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అన్నను చూడగానే లేచాడు. చిక్కిపోయాడు. కాపలా చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. "చెప్పకుండా వచ్చావేంటన్నయ్యా? వదిన బాగుందా?" అన్నాడు. ఆ ఆదివారం తర్వాత అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడడం అదే మొదలు.

"మేము తిప్పి పంపిన చక్రాలు ఉన్నాయేంట్రా?"

"ఎక్కడికి పోతాయి? కరిగిద్దామని తెచ్చారు. కరిగించడానికి వేడేదీ?"

ఇద్దరూ పొడుగాటి షెడ్డులోంచి నడిచారు. రెండు పక్కలా తొట్లు బూడిద రంగులో గడ్డకట్టి ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ నిలబడితే చొక్కా గుండీలు కాలేవి. ఇప్పుడు చల్లగా, గోదాంలో ఉన్నట్టుంది. చివర్లో గోడకు ఆనించి చక్రాలు. ఒక్కొక్కదాని మీదా రెండు ఎర్రగీతలు. తను గీసినవే. వణికిన చేత్తో గీసిన గీత ఏదో కూడా ఆయన గుర్తుపట్టాడు. ఇరవై ఒకటోది.

"ఇది కొంచెం పైకి తగిలించు."

తమ్ముడు ఎందుకని అడగలేదు. గొలుసు లాగి కొక్కేనికి తగిలించాడు. గంటాయన సంచిలోంచి సుత్తి తీశాడు.

"నేను కొడతాను. నువ్వు విను. ఎంతదాకా మోగుతుందో లెక్కపెట్టి చెప్పు."

"నేనా? వినేవాడివి నువ్వు కదా."

"ఈసారికి నువ్వు విను."

తమ్ముడు అన్న ముఖంలోకి చూశాడు. కళ్ళ నుంచి చూపు మెల్లగా చెవుల మీదికి పోయింది. ఏదో అర్థమైనట్టు తల దించుకున్నాడు.

గంటాయన అంచు మీద ఒక్కటి వేశాడు. టంగుమన్నది ఆయనకూ వినిపించింది. ఒకటి, రెండు, మూడు. సన్నబడింది. అయిదు, ఆరు. ఏడుకి ఆయన లోకమంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు, ఇరవై తొమ్మిదేళ్ళూ ఎవరినీ చెయ్యనివ్వని పని ఆయనే చేశాడు. చెయ్యి వెయ్యలేదు, చూపుడువేలి గోరు కొస మాత్రం అంచుకి ఆనీ ఆననట్టు పెట్టాడు. గోటి కింద చక్రం జివ్వుమంటోంది. ఎనిమిది. తొమ్మిది. అది ఇంకా పాడుతూనే ఉంది, ఆయనకే వినబడడం లేదు. పది. పదకొండు. పదకొండు దాటాక గోటి కింద అదురు మెల్లగా సద్దుమణిగింది.

ఆయన వేలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎంతదాకా పోయింది?" అని అడిగాడు.

 తమ్ముడు తొట్ల వైపు చూశాడు, నేల చూశాడు. చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"నాలుగన్నయ్యా" అన్నాడు. "నాలుగు దగ్గరే ఆగిపోయింది. నువ్వన్నదే నిజం. సరుకే మంచిది కాదు."

మూడు రోజులు ఇంటికి పోకుండా, ఒక్క ముక్క తుక్కు కలవనివ్వకుండా, దగ్గరుండి పోయించిన సరుకును వాడు తన నోటితో తనే మంచిది కాదన్నాడు.  నాకు తెలుసురా అందామనుకున్నాడు గంటాయన. అంటే వాడిచ్చిన ఆ ఒక్క ఊరటా కూడా వాడి చేతిలోంచి లాగేసుకున్నట్టవుతుంది.

"నాలుగేనా?" అన్నాడు.

"నాలుగే."

"సరే" అని సుత్తిని సంచిలో వేసుకున్నాడు.

తమ్ముడు చక్రాన్ని కొక్కెం మీంచి దించి, మళ్ళీ గోడకు ఆనించాడు. దించేటప్పుడు అది నేలకు తగిలి మోగినట్టుంది. తమ్ముడు గబుక్కున రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకోవడం గంటాయన చూశాడు.